ఆంటీతో గాలిలో గంటన్నర

ఆంటీ పోయారని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో కూరగాయల కొట్టు ముందు కారు ఆపుతున్నాను. ఆ అమ్మాయి ఇంగ్లీషులోనే చెప్పింది. ఉదయం టీ పెట్టుకుంటూ కుప్పకూలిపోయారట, అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయిందట. "ఓకే" అన్నాను. ఇంకేమన్నానో గుర్తులేదు. లోపలికి వెళ్లి కొత్తిమీర, పెరుగు తీసుకుని ఇంటికొచ్చి పప్పు వండాను. పదిహేను రోజులైంది. ఏడుపు రాలేదు. బాగానే ఉన్నావా అని అందరూ అడుగుతున్నారు. బాగానే ఉన్నాను. అదే నాకు అర్థం కావడం లేదు.

ఆక్లాండ్ నుంచి నెల్సన్‌కో నేపియర్‌కో చిన్న ప్రొపెల్లర్ విమానంలో వెళ్లి ఉంటే మీరూ ఆవిడను చూసే ఉంటారు. పొట్టి మనిషి, బిగించి కట్టిన ముడి. పై అర అందక సీటు అంచున ఒక కాలు పెట్టి ఎక్కి బ్యాగులు లోపలికి నెట్టేవారు. ఆ విమానాల్లో ప్రయాణికులను చూసుకునేది ఇద్దరమే. ఆవిడ సీనియర్, నేను కొత్త. ఆవిడ ఫిజీలో పుట్టారు. చెరుకు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన పెద్దల తెలుగు, నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది, ఆవిడ నోట ఇంకా మిగిలి ఉంది. గుంటూరు నుంచి వచ్చిన నాకు మొదట్లో అది సగమే అర్థమయ్యేది. కానీ యూనిఫాం వేసుకున్నాక ఒక్క తెలుగు ముక్క మాట్లాడేవారు కాదు. "మనం ఏటి సెప్పుకుంటన్నామో తెలీకపోతే జనానికి బెంగ" అనేవారు.

ఎక్కేవాళ్లకు నవ్వుతూ హలో చెబుతూనే వాళ్ల కాళ్లవైపు చూసేవారు. ఎందుకని అడిగాను. "పరిగెత్తాలంటే ఎవరి కాలికి ఏటున్నాదో తెలియాలి కదమ్మా." టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ రెండు రోటీలు చుట్టి తెచ్చేవారు. ఒకటి నాకని ఏనాడూ చెప్పలేదు. డబ్బా నా వైపు జరిపేవారంతే.

నేను చేరిన మూడో నెలలో, ఒక మధ్యాహ్నం నెల్సన్‌కు బయలుదేరాం. విమానం నేల వదిలాక చక్రాలు ముడుచుకునే చప్పుడు కాళ్ల కింద వినిపిస్తుంది. ఆ రోజు అది మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఏదో గీరుకున్న శబ్దం. కాసేపటికి కెప్టెన్ విమానం లోపలి ఫోన్‌లో ఆంటీని పిలిచాడు. ఆవిడ విన్నది విన్నట్టు తిరిగి అతనికి అప్పజెప్పి, విమానం వెనక భాగంలో ఉన్న నా దగ్గరకు వచ్చారు. కుడివైపు చక్రం ముడుచుకోలేదు. మళ్లీ దించితే బిగుసుకుందో లేదో తెలియడం లేదు. ఇంధనం తగ్గేదాకా సముద్రం మీద తిరిగి ఆక్లాండ్‌లోనే దిగాలి. గంటకు పైగా సమయం ఉంది.

శిక్షణలో ఇదంతా నేర్చుకున్నదే. అయినా ఆవిడ ముందుకు వెళ్లాక నేను ట్రాలీ గొళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెయ్యి వదలలేదు. కాలు కదలలేదు. అందరూ వెనక్కి తిరిగి నా మొహమే చూస్తున్నారని తెలుస్తోంది, కానీ అదెవరికో జరుగుతున్నట్టుంది. ఆంటీ మళ్లీ వచ్చారు. గొళ్లెం మీదినుంచి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. మొదటిసారి యూనిఫాంలో తెలుగు మాట్లాడారు.

"బయమేస్తే ఎయ్యనీ తల్లీ. సేతులు మాత్రం ఆపకు. రెక్క పక్క వరసలో తల్లీ బిడ్డా ఉన్నారు. ప్రొపెల్లర్‌కి దూరంగా తీసుకెళ్లి కూకోబెట్టు. అదొక్కటే సెయ్యి. అదయ్యాక నాకు సెప్పు."

అదొక్కటే చేశాను. చెప్పాను. ఇంకొకటి చెప్పారు. అలా ఒక్కొక్క పనీ చేస్తూ వెళ్లాను. ఎత్తు మడమల చెప్పులు విప్పించి తీసుకున్నాను, జేబుల్లో పెన్నులు తీయించాను, తల ఎలా వంచుకోవాలో చూపించాను. కెప్టెన్ చక్రం సంగతి మైకులో చెప్పాక ఒక ముసలాయన, "అమ్మాయీ, చక్రం నిలుస్తుందా?" అని అడిగితే ఆంటీ వెనకనుంచి ఇంగ్లీషులో జవాబిచ్చారు: "తెలియదు సర్. నిలవకపోతే ఏం చేయాలో మాత్రం మాకు తెలుసు."

దిగేటప్పుడు ఇద్దరం చెరో చివర నుంచి తల వంచండి, తల వంచండి అని అరుస్తూనే ఉన్నాం. ఎడమ చక్రం తాకింది. చాలాసేపటికి, కనీసం నాకలా అనిపించింది, కుడిదీ తాకింది. నిలిచింది. కిటికీల పక్కన ఫైరింజన్లు పరుగెడుతున్నాయి. విమానం ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాప ఒకతి వాళ్లమ్మ చెప్పులు ఎప్పుడిస్తారని అడిగింది.

సాయంత్రం ఆఫీసులో ఇద్దరం రిపోర్టులు రాసి బయటికి వచ్చాం. కార్ పార్కులో ఆంటీ అన్నారు: "నువ్వు ఆగిపోయినావని రాసినాను. మళ్లీ కదిలినావని కూడా రాసినాను." తర్వాత కారు తాళం నా చేతిలో పెట్టారు. "నువ్వు నడుపు."

అప్పుడు చూశాను. ఆవిడ రెండు చేతులూ మణికట్టు దాకా వణుకుతున్నాయి.

"మీకు భయం వేయలేదనుకున్నాను ఆంటీ."

"ఎందుకెయ్యదు? నువ్వు నా మొహం సూస్తన్నావు. ఇంకేటి సెయ్యను?"

ఫ్లాట్ బుష్ దాకా నేనే నడిపాను. వాళ్లింటి ముందు దిగి, లోపలికి రమ్మన్నారు. ఆ రోజు నుంచి ఆరేళ్లు ఆ ఇంటికి వెళుతూనే ఉన్నాను.

మొన్న ఆఫీసువాళ్లు, ఆంటీ యూనిఫాం తిరిగి ఇవ్వాలి, నువ్వు తెస్తావా అని అడిగారు. వెళ్లాను. ఆంటీ భర్త, అంకుల్‌కు తెలుగు రాదు. తలుపు తీసి, ఒక్క ఐదు నిమిషాలు ఆగమన్నారు. హాల్లో ఇస్త్రీ బల్ల వేసి ఉంది. మూడు యూనిఫాం చొక్కాలు అప్పటికే హ్యాంగర్లకు ఉన్నాయి. నాలుగోదాని కాలర్ మీద నీళ్లు చిలకరించి, నెమ్మదిగా, అంచు నుంచి మధ్యకు ఇస్త్రీ చేస్తున్నారు.

"వాళ్లెలాగూ పారేస్తారు అంకుల్" అన్నాను ఇంగ్లీషులో. అనకుండా ఉండాల్సింది.

ఆయన తల ఎత్తలేదు. "నలిగిన బట్టలతో ఆవిడ ఎప్పుడూ గడప దాటలేదు" అన్నారు.

నాలుగు చొక్కాలూ కారు వెనక సీటు పక్కన హుక్కుకు తగిలించి బయలుదేరాను. విమానాశ్రయం రోడ్డు మీద రెడ్ లైట్ పడింది. అద్దంలో చూశాను. నాలుగింటికీ మెడ దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. లైటు మారింది. నేను కదలలేదు. వెనక కారతను ఒకసారి హారన్ కొట్టి, పక్కనుంచి వెళ్లిపోయాడు.