ఇడ్లీ టోకెను

పొద్దంత బట్టల దుకాణంల పనిల నిలవడి, కోరుట్ల బస్టాండు కాడి హోటల్ల కూలవడ్డ. నా బిడ్డ తనే ఇడ్లీ తెస్తనని పైసలు వట్టుకొని పోయింది. సాంబారు వాసనకు అమ్మ యాదికచ్చింది.

నా చిన్నప్పుడు అమ్మ కార్ఖానల బీడీలు అప్పజెప్పి, నన్ను గిసొంటి హోటల్‌కే తీస్కచ్చింది. నా చేతిల నోటు వెట్టి, "నువ్వే పోయి ఇడ్లీ చెప్పు బిడ్డా, నాతోని అయితలేదు" అని బల్ల మీద తలవెట్టింది.

గల్లపెట్టె కాడ సేటు పైసలు తీసుకొని కాయిదం టోకెను ఇచ్చిండు. దాన్ని వంటింటి కిటికీల ఇస్తేనే ఇడ్లీ పెడ్తరని నాకేం ఎరుక? బస్సు టికెట్ లెక్క, పోగొట్టద్దని పిడికిట్ల వట్టుకొని అమ్మ పక్కన కూసున్న. అందరికి ఇడ్లీలు అస్తున్నయ్, మాకు రాలే. అమ్మను లేపబుద్ధి కాలే.

ఆఖరికి అమ్మనే లేచి, "తిన్నవా?" అన్నది. పిడికిలి తెరిచి చూపిన. టోకెను చెమటకు మెత్తగయింది. తిడుతదనుకున్న.

"పోనీ తియ్, మంచిగ నిద్ర వట్టింది" అన్నది. నేను ఏడుస్తనని గట్లన్నదనుకున్న.

గిప్పుడు నా బిడ్డ టోకెను వట్టుకొని గల్ల కాడ్నే నిలవడి దిక్కులు చూస్తున్నది. లేచి చెప్పాలె. కని బల్ల చెంపకు చల్లగ తలుగుతున్నది.

మెల్లగనే రా, బిడ్డా.