ఉప్పు రాశుల దగ్గర వాన కవిత

నౌపడ దగ్గర మా అక్కావాళ్ళది ఉప్పుసాగు. మడుల్లో తేలిన ఉప్పును గట్ల మీద రాశులు పోసే రోజుల్లో వాళ్ళెవరూ వాన పేరెత్తరు. మబ్బు కనిపిస్తే "సుట్టం వస్తన్నాడు" అంటారు. నేనేమో సభల్లో మూఢనమ్మకాలను చీల్చి చెండాడినవాణ్ణి. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది.

మొన్న వేసవి చివర ఒక మధ్యాహ్నం, కొత్తగా రాసిన వాన కవితతో గట్టు మీదికి వెళ్ళాను. అక్క, బావ, ఇద్దరు ఆడకూలీలు రాశుల మీద తాటాకులు కప్పబోతున్నారు. ఆ రాశులే వాళ్ళ ఏడాది కష్టం. సముద్రం వైపు ఆకాశం చిలుము పట్టిన ఇత్తడి చెంబులా ఉంది.

"కూర్చోండి. వాన మీద కవిత రాశాను, చదువుతాను."

"ఒరే, ఇక్కడ ఆ పేరెత్తకురా! ఏటీ సోద్యం నీకు?" అక్క చేతిలోని ఆకు వదల్లేదు.

"పేరెత్తితే వస్తుందా? ఇవాళ తేల్చేద్దాం."

బావ నవ్వాడు. "బామ్మర్ది సబ ఎట్టీసినాడు. కూకోయే, ఇనకపోతే వొగ్గడు."

కాగితం మీద చచ్చినట్టు పడివున్న పంక్తులు గొంతులోకి రాగానే లేచాయి. చిన్నమాటలు టపటపా రాలాయి. ఆ తర్వాత పొడుగు పంక్తి సాగి సాగి నా ఊపిరంతా లాగేసుకుంది. వాగు పొంగే చోట నా అరికాళ్ళు నిజంగానే చల్లబడ్డాయి. అక్క భుజాల చుట్టూ కొంగు కప్పుకుంది. కూలీలు ఆకులు కింద పెట్టేశారు. ఒకచోట లయ తప్పిందని మళ్ళీ మొదటినుంచి చదివాను.

"చూశారా! రెండుసార్లు చదివాను. ఒక్క చినుకైనా పడిందా?"

ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. అది నా కవిత తెచ్చిన నిశ్శబ్దమనుకున్నాను. వాదన అందుకుని ఇంకా ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు.

"సుట్టం వొచ్చీసినాడే!" బావ కేక.

ముందు గాలి వచ్చి కింద పెట్టిన ఆకులను ఎత్తుకుపోయింది. పరుగెత్తి నాలుగు రాశులు కప్పేసరికి చినుకులు టపటపా మొదలయ్యాయి, తర్వాత తెరిపి లేని ధార. మిగతా రాశులు కళ్ళముందే కుంగి మడుల్లోకి జారిపోయాయి.

"బాబు సదివినాడు, వొచ్చీసినాది," అంది ఒక కూలీ.

చదివితే వాన రాదు. ఆ మాట ఇప్పటికీ ఏ వేదిక మీదైనా అంటాను. అప్పుడూ అనబోయాను.

అక్క అడ్డుకుంది. "నీ కయితకి వొచ్చిందని నేననన్రా. మబ్బు పొద్దున్నించీ ఉన్నాది. నువ్వు కూకోబెట్టకపోతే ఈపాటికి కప్పీసుందుం."

తడిసిన తాటాకు ఒకటి తీసి నా చేతికిచ్చింది. నా ముందు కప్పడానికి రాశి లేదు.