మా ఇంటి వేడి

రేపు నాకు పెద్దపేగు పరీక్ష. లోపలికి కెమెరా పంపి చూస్తారు. అందుకు పేగు తోమిన గిన్నెలా ఉండాలట. నిమ్మకాయ వాసన కొట్టే ఉప్పునీళ్ళలాంటి మందు జగ్గు నిండా కలుపుకుని మధ్యాహ్నం నుంచి గుక్క గుక్కా మింగుతున్నాను. ప్రతి గుక్కకీ మా వంశం మొత్తాన్ని తిట్టుకుంటున్నాను. నాకు నలతేమీ లేదు. ఒంట్లో బాగానే ఉండి ఇంత అవస్థ పడటానికి కారణం మా ఇంట్లో తరతరాలుగా వాడుతూ వచ్చిన ఒక మాట. ఎవరికి ఏమొచ్చినా "వేడి చేసింది" అనడం.

నాన్న ఇక్కడే, జంషెడ్‌పూర్‌లో, ఉక్కు కొలిమి దగ్గర పనిచేసేవారు. షిఫ్టు దిగి వచ్చేసరికి చొక్కా మీద చెమట ఎండిపోయి తెల్లటి చారలు కట్టి ఉండేది. అలాంటి మనిషికి విరేచనంలో రక్తం పడితే ఎవరైనా ఏమనుకుంటారు? ఫర్నేసు వేడి అనుకున్నారు. మా క్వార్టర్ల వరసలో ఉన్న తెలుగువాళ్ళందరూ అదే అన్నారు. ఇక ఇంట్లో చలవ వైద్యం మొదలైంది. అమ్మ వంటింటి మూల తరవాణి కుండ పెట్టింది. గంజిలో అన్నం పులిసిన ఆ వాసన పుస్తకాల సంచీలోకి కూడా వచ్చేది. దానికి తోడు సబ్జా గింజలు, సగ్గుబియ్యం జావ, మాడుకి ఆముదం. నాన్న ఏదీ కాదనలేదు. మనిషి సగమయ్యాక కూడా ఫర్నేసునే తిట్టారు గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళేసరికి జబ్బు కడుపంతా పాకిపోయింది. ఆయన పోయాక ఎవరడిగినా వేడి చేసి పోయారనే చెప్పేవాళ్ళం. కష్టం చేసి పోయారన్న గౌరవం ఆ మాటలో ఉండేది.

పోయిన వేసవిలో తమ్ముడికీ రక్తం పడుతోందని మరదలు ఫోన్ చేసింది. వాడు ఊరి పక్కనే గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీకి మేనేజరు. పరుగున వెళితే, "ఏం లేదక్కా, వేడి చేసింది" అన్నాడు తీరిగ్గా. ఆఫీసులో ఏసీ, కారులో ఏసీ, ఇంట్లో ఏసీ. ఆ వేడి ఏ సందులోంచి దూరిందో నాకు అర్థం కాలేదు. చదువు లేక అన్నాడా అంటే అదీ కాదు. పేగుల్లో ఉండే బ్యాక్టీరియా గురించి ఫోనులో చదివి చదివి, అమ్మ తరవాణి కుండని మళ్ళీ బతికించాడు. దాంట్లో ఉండే మంచి బ్యాక్టీరియా అన్నీ సర్దేస్తాయట. తన కింద పనిచేసే మనుషుల గురించి చెప్పినట్టు, "వాటి పని వాటిని చేసుకోనీ అక్కా" అన్నాడు. నాన్న కూడా అదే తాగారు కదరా అన్నాను. "నాన్నది ఫర్నేసు వేడి, నాది బయట తిండి వేడి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి కూతురు ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా "బువా, పాపా నహీ మానేంగే" అంది. వాళ్ళ నాన్న ఒప్పుకోడని ఆ పిల్ల ఎప్పుడో తేల్చేసుకుంది.

వాడు కదలకపోయేసరికి నేనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ హిందీలో ఓపిగ్గా చెప్పింది. కొన్ని ఇళ్ళల్లో చెడిన కణాలని బాగుచేసుకునే శక్తి పుట్టుకతోనే తక్కువగా ఉంటుందట. ఇక పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలో కొన్ని మనకి కాపలా కాస్తాయి, కొన్ని కణాలని గాయపరిచే విషం వదులుతాయి. ఏవి పెరుగుతాయన్నది కొంతవరకు మన తిండిని బట్టి ఉంటుంది. పుట్టుకతో వచ్చిందీ, లోపల పెరిగిందీ తోడైతే క్యాన్సర్ ముప్పు ఎక్కువ. తరవాణి తాగితే తప్పులేదు గానీ, రక్తం పడ్డాక పరీక్ష తప్పదంది. మీ నాన్నగారు కాక ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగింది. నాకు తెలియదు. చెప్పగల మనిషి ఒక్కతే మిగిలింది, ఈ ఊళ్ళోనే భుయ్యాడీహ్‌లో ఉండే మేనత్త.

అత్త రమ్మందని అబద్ధం చెప్పి తమ్ముణ్ణి కూడా లాక్కెళ్ళాను. ఆవిడ వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. విషయం విని మండిపడింది. "మా యింటి నెత్తుర్లో ఏటీ నేదే గుంటా. మీ నాన్న కొలిమికాడ ఏగి ఏగి పోనాడు. అంత కట్టపడినోడికి జబ్బు అంటగడతావేటి?" మనవలున్న నన్ను ఇంకా చిన్నపిల్లలా గుంటా అనే మనిషి ఆవిడొక్కతే. తమ్ముడు టీ తాగుతూ, చూశావా అన్నట్టు నా వైపు చూశాడు.

మరి తాతయ్య ఎలా పోయాడత్తా అని అడిగాను. ఆయన మేం పుట్టకముందే, మా సొంతూళ్ళోనే పోయాడు.

"మా బాబుకీ అంతే. ఏడి సేసేసి నెత్తురు పడేది. అలా సిక్కి సిక్కి పోనాడు."

"ఆయన ఏం పని చేసేవాడు?"

"ఏటి సేత్తాడు, వరి సేనే కదా. పొద్దల్లా మోకాలి లోతు నీల్లల్లోనే ఉండేవోడు."

ఆ మాట అన్నాక అత్త చేతులు నెమ్మదించాయి. తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టాడు. కొలిమి మొహం ఎరగని మనిషికి, రోజంతా చల్లటి నీళ్ళలో నిలబడిన మనిషికి, ఏం వేడి చేసిందో చెప్పమని వాణ్ణి నేను అడగలేదు. ఇంటికి వస్తుంటే దారిలో వాడే, "పరీక్ష ఎక్కడ చేస్తారక్కా" అన్నాడు.

వాడి పేగులో చిన్న చిన్న బుడిపెలు కనబడ్డాయి. ఒకటి అప్పటికే చెడింది. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు, ఇంకా పేగు గోడ దాటలేదని చెప్పారు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో సంతోషంతో ఏడ్చానో, కోపంతో ఏడ్చానో నాకే తెలియదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి మా ఇంట్లో ఇద్దరు మనుషులు పోవాలా? ఇప్పుడు నాకు పరీక్ష, నా తరవాత వాడి కూతురికి. వాడేమో, తన బ్యాక్టీరియా కాపలా కాయబట్టే జబ్బు అక్కడ ఆగిందని అందరికీ చెప్పుకుంటున్నాడు. అత్త ఇప్పటికీ వేడే అంటోంది. వాళ్ళతో వాదించే ఓపిక నాకు లేదు, ఈ జగ్గులో ఇంకా సగం మందుంది.

పోయిన నెలతో తమ్ముడు నాన్న పోయిన వయసు దాటాడు. ఇకమీదట మా ముగ్గురిలో నాన్నే చిన్నవారు.