అక్క చేత చెప్పించుకోబోయిన సారీ

ఒక్క సారీ కోసం సొంత అక్కనే పోగొట్టుకోబోయిన ఘనత నాది. వినండి, తీరిగ్గా నవ్వుకోండి.

మా కోనసీమలో సారీకి కరువేమీ లేదు. మోచెయ్యి తగిలితే సారీ, చిల్లర లేకపోతే సారీ, మూడోసారి పులిహోర వద్దన్నా సారీయే. నేను మాత్రం సారీని కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి చూసి, నీళ్ల చప్పుడు వినిపిస్తేనే పుచ్చుకునే రకం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రెండుచోట్లా అలిగి గెలిచేవాణ్ణి.

పదేళ్ల కిందట అక్కా బావగారూ కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాలుగు రోజుల్లోకి వచ్చినా మమ్మల్ని పిలవడానికి ఎవరూ రాలేదు. మా ప్రాంతంలో మనిషి ఇంటికొచ్చి కార్డు ఇస్తేనే అది పిలుపు. అక్క మాత్రం ఫోన్ చేసి, "ముందురోజే వచ్చెయ్ రా" అంది.

"పిలవని పేరంటానికి నేను రాను."

"అదేంట్రా, మీ బావగారు..."

"సాకులొద్దు!"

బావగారు ఫోన్ అందుకున్నారు. "ఆయ్, ఏదైనా పొరపాటు జరిగితే సారీ అండీ బామ్మర్దిగారూ."

"ఇది బస్సులో కాలు తొక్కినప్పటి సారీ అండీ! ఇంటికొచ్చి చెప్పే సారీ కావాలి. లేదంటే మీకూ నాకూ చెల్లు" అని ఫోన్ పెట్టేశాను.

అక్కకి పుట్టింటివాళ్లంటే నేనొక్కణ్ణే. పుట్టింటి బట్టలు పెట్టాల్సిందీ నేనే. మర్నాడే ఏడ్చిన కళ్లతో అక్కా, వెనకే బావగారూ అమలాపురంలో మా ఇంటికి వచ్చారు. నేను జడ్జీలా కూర్చుని జేబులోంచి నేను రాసిపెట్టుకున్న ఫిర్యాదు కాగితం తీశాను.

"ఒకటి: మనిషి రాలేదు. రెండు: కార్డు ఇవ్వలేదు..."

"ఓ మాటండీ..."

"చదవడం అయ్యాక! మూడు: సారీలో బరువు లేదు."

ఎదురుగా ఉన్న బావగారు మెడ వంచి కాగితం వెనకవైపు చూస్తున్నారు. "ఆ కాగితం ఎక్కడిదండీ?"

"ఎవరో గేటులో దూర్చిపోయారు. ఏ బట్టల కొట్టు కరపత్రమో. ఒకవైపు తెల్లగా ఉందని రాసుకున్నాను."

"ఓసారి తిప్పండి."

తిప్పాను. నాలుగు మూలలా పసుపు! మధ్యలో గృహప్రవేశం పిలుపు, అక్క పేరు, బావగారి పేరు. కింద పెన్నుతో బావగారి చేతిరాత: 'ఇంటికొచ్చేను. తాళం వేసుంది. తప్పక రావాలండీ.'

అలకలో ఉన్నవాడికి అన్నీ వెనకవైపే కనిపిస్తాయి కాబోలు.

"సారీ అక్కా" అన్నాను.

అక్క కాగితం లాక్కుంది. "మూడోది బాగా రాసేవురా, సారీలో బరువు లేదంట!" అని పగలబడి నవ్వింది. బావగారూ అందుకున్నారు. ముందురోజే బట్టలతో సహా కొత్తపేటలో దిగిపోయాను.

ఆనాడే భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో ఎవరిమీద ఫిర్యాదు రాసినా, కాగితం రెండువైపులా చూసుకుని మరీ రాస్తాను.