వెయ్యి యాడుంటది మేడం?

ఇరవై రెండేండ్ల వయసుల నాకు తెలువని లెక్కంటూ లోకంల లేదని గట్టి నమ్మకం ఉండేది. ఆ రోజులే అసువంటియి. జమ్మికుంటల డిగ్రీ అయిపోంగనే బోథ్ దిక్కు ఒక ఊరి బడిల విద్యా వలంటీరుగ చేరిన. చీరె కట్టుడు సరిగ రాకపోయినా (కుచ్చిళ్లకు ఆరు పిన్నీసులు పెట్టేదాన్ని) చదువు చెప్పుడు మాత్రం పుట్టుకతోనే వచ్చిందనుకునేదాన్ని. మా పెద్దసారు లెక్కల మనిషి, నెమ్మదస్తుడు. నేనేం చేస్తనన్నా "కానియ్యమ్మా" అనేటోడు. ఆ ఒక్క మాటకు నా ధీమా ఇంకింత పెరిగేది.

రెండో తరగతిల ఒక పిల్ల ఉండె. పొద్దంత నోరు ఆగేది కాదు, అందుకే అందరు గోరింక అని పిలిచేటోళ్లు. నూరు దాకా ఒంట్లు గుక్క తిప్పుకోకుండ అప్పజెప్పేది. కానీ యాభై ఎంత ఉంటదే అంటే "మస్తు" అనేది. మరి పదో అంటే అదీ "మస్తే" అనేది. ఈ పిల్లకు అంకెల అందాజ లేదు, మల్ల ఒకటో తరగతిల కూసోబెడుదామన్నడు పెద్దసారు. నేను ఒప్పుకోలే. "ఫికర్ వద్దు సార్, వారం రోజులియ్యండి, నేను నేర్పిస్త" అన్న. "కానియ్యమ్మా" అన్నడు.

వారం తిరిగేసరికి తల్లిదండ్రుల మీటింగు వచ్చింది. నా తెలివి నలుగురు చూడాలె కదా అని బడి ముందట పొడుగ్గ తాడు పరిపించిన. అది గోరింక అవ్వ (మా దిక్కు తల్లిని అట్లనే అంటరు) పేనుకున్న బాయి తాడు, అడిగితె తెచ్చిచ్చింది. ఈ కొసకు సున్న, ఆ కొసకు నూరు. నేను అంకె చెప్తె పిల్లలు అది ఉండే కాడికి ఉరికి నిలబడాలె. గోరింక వంతు రాంగనే "పది" అన్న. ఉరికి పోయి సరిగ్గ తాడు నడుమ నిలబడ్డది. పెద్దోళ్లందరు పక్కున నవ్విండ్రు. పెద్దసారు నా దిక్కు చూసి కండ్లద్దాలు తుడుసుకున్నడు.

"పది అంత దూరముంటదా బిడ్డా?" అన్న, నా పరువు పోతుంటె.

"ఒకటి నుంచి ఎంతసేపు లెక్కవెడితె పది వస్తది మేడం. గంత దగ్గర ఎట్లుంటది?" అన్నది. మల్ల నవ్విండ్రు. ఈసారి పిల్ల మొకం చిన్నగైంది.

గోరింక అవ్వ మాత్రం నవ్వలే. ముందటికి వచ్చి, "మేడం, జర నాకు గూడ చెప్పున్రి. గా కొసకు నూరు కాదు, లక్ష ఉన్నదనుకోన్రి. వెయ్యి యాడుంటది?" అని మర్యాదగనే అడిగింది.

నేను ఒక్క నిమిషం గూడ ఆలోచన చెయ్యలే. వెయ్యంటే మాటలా, దానికి జర జాగ ఇయ్యాలె కదా. తాడు ఎంబడి నడుచుకుంట పోయి నాలుగో వంతు కాడ నిలబడ్డ. పెద్దసారు తలకాయ ఊపుకుంట వచ్చి, "అంత దూరం కాదమ్మా" అని నాకంటె రెండంగలు ఇవుతల నిలబడ్డడు. ఇద్దరం చదువుకున్నోళ్లం, కొద్దిగ తేడా ఉంటె ఏమాయె అనుకున్న.

ఆమె సున్న కాడ గొంతు కూసొని, చెయ్యి చాపి ఒక్క జానెడు కొలిచి, ఆడ ఒక రాయి పెట్టింది. "గీడ" అన్నది.

ఎందుకో గూడ తనే చెప్పింది.

"గిది యాభై మూరల తాడు. మూరకు రెండు జానలు, నూరు జానలాయె. నూరు వేలైతె లక్ష. వెయ్యికి జానెడే కదా మేడం వచ్చేది."

పెద్దసారు పెదవులు కదిలిచ్చుకుంట లెక్క చూసిండు. రెండోసారి గూడ చూసిండు. "మరి నేనున్న కాడ ఎంత?" అని మెల్లగ అడిగిన. "మీ కాడ పాతికవేలు ఉంటయి మేడం. సారు కాడ ఇరవై" అన్నది, మమ్ముల నొప్పియ్యకుండ.

గోరింక అప్పటికే తాడు ఎంబడి కూసొని తన చిన్న చేతితోని జానలు కొలువవట్టింది. నూరుకు నూరు జానలైతె పదికి పది జానలని ఎవరూ చెప్పకముందే పట్టింది. "నా చెయ్యి చిన్నగున్నది, పది జల్దినే వచ్చింది" అన్నది. వాళ్లవ్వ తన జానతోని కొలిచి చూపిచ్చింది. పిల్ల లేచి ఆ జాగల కదలకుండ నిలబడ్డది. పెద్దసారు రిజిస్టరు మూసి, "ఈ పిల్ల రెండులనే ఉంటది" అన్నడు. నేను చెప్పలేదా సార్ అని నోటి దాకా వచ్చింది. బుద్ధి వచ్చి మింగిన.

కరీంనగర్‌ల పాఠాలు చెప్పవట్టి ఇప్పటికి చానేండ్లయింది. ఏ పెండ్లికో ఎంతమంది వస్తరు టీచర్ అని ఎవరన్న అడిగితె, చూసి చెప్త అంటున్న. తప్పులు తగ్గినయి. కానీ ఒక్కోసారి ఆ ఇరవై రెండేండ్ల మేడం మనసుల మెదులుతది. ఎవరినీ అడగకుండ, ఎనుకకు చూడకుండ, ఎంత ధీమాగ పోయి పాతికవేల కాడ నిలబడ్డది. పూరా తప్పే. అయినా ఆ నడక మల్ల నాకు రాలే.