రాని వాళ్ల పేర్లు

మా సూపరింటెండెంట్ సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వస్తే నేను నమ్మలేదు. ఇంకో ఇద్దరికి చేసి అడిగాను. ఉద్యోగాలు పోయినప్పటి నుంచి ఏ కబురునూ ఒక్క నోటి మాట మీద నమ్మడం మానేశాను.

వరంగల్‌లో ఒక సర్కారు ఆఫీసులో మేమంతా ఏళ్ల తరబడి ఔట్‌సోర్సింగ్ మీద పనిచేశాం. ఒక శనివారం పెద్దాఫీసరు మమ్మల్ని తెగ పొగిడి పెండింగ్ ఫైళ్లన్నీ పూర్తి చేయించుకున్నాడు. సోమవారం హాజరు మిషన్ మాలో ఒక్కరి వేలిముద్ర కూడా తీసుకోలేదు. ఆ పొగడ్త తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆఫీసు ఎదుట టెంటు వేసుకుని కూర్చున్నాం. సారు పర్మనెంటు మనిషి. రోజూ లంచ్ టైంలో టిఫిన్ డబ్బాతో వచ్చి మా మధ్యే తినేవారు. తిన్నాక మా మొహాలన్నీ ఒకసారి చూసి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకునేవారు. తాడు కూడా పాములా కనబడే రోజులవి. "లోపటోళ్లకు మన పేర్లు మోస్తాండు" అన్నది నేనే. అందరూ నమ్మారు. ఆయన రాగానే మాటలు ఆపేసేవాళ్లం. ఆయనకు అర్థమయ్యే ఉంటుంది. అయినా మాకందరికీ మామిడికాయ తొక్కు వడ్డించడం మానలేదు.

తర్వాత నేనే టెంటుకు పోవడం మానేశాను. ఫోన్ ఆపి, అన్నం మాని, గోడవైపు తిరిగి పడుకున్నాను. బతకాలని లేదు, ఉన్నమాట చెబుతున్నాను. మూడోనాడు సారు ఎనుమాములలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

"ఎవలు పంపిండ్రు సార్ మిమ్మల్ని?" గడప దాటనివ్వకుండా అడిగాను.

ఆయన కోపగించుకోలేదు. "అనుమానం ఉంటే ఇట్లనే మొఖం మీద అడుగాలె బిడ్డా, కడుపుల పెట్టుకోవద్దు" అంటూ నోటుబుక్కు నా చేతికిచ్చారు. అందులో ఉన్నవన్నీ టెంటుకు రాని వాళ్ల పేర్లు. ఒక్కో పేరు పక్కన "ఇంటికి పోయిన. అన్నం తిన్నడు" అని రాసుంది. నా పేరు పక్కన ఖాళీ.

"నౌకరి వాళ్లిచ్చిండ్రు, వాళ్లే తీస్కున్నరు. ఆకలి వాళ్లిచ్చింది కాదు గదా. జర నాలుగు మెతుకులు తిను, రాసుకొని పోత" అన్నారు. ఏడుస్తూనే తిన్నాను.

నిన్న సమాధుల తోటకు పెద్దాఫీసరు కూడా దండ తెచ్చాడు. ఎవరెవరు చూస్తున్నారో చూసుకునే వేశాడనిపించింది. నా అనుమానం ఎక్కడికి పోతుంది! పాస్టరు ప్రార్థన అయ్యాక తలా గుప్పెడు మట్టి వేశాం. తలెత్తి చూస్తే మా వాళ్లలో ఒకడు లేడు, పరకాల నుంచి వచ్చే అటెండర్, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఫోన్ స్విచాఫ్. అటు నుంచి అటే బస్సెక్కాను.

తలుపు సగమే తీశాడు. గడ్డం మాసి ఉంది. సారు సంగతి వాడికింకా తెలియదు.

"గోళ్లల్ల ఆ మట్టేంది అక్కా?" అన్నాడు.

"చెప్త. ముందు రెండు ముద్దలు తిను" అన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.