కోటు అయ్యగారి శిష్యుణ్ణి

ఆ రోజుల్లో గురువంటే కోటు వేసుకోవాలని నా గట్టి నమ్మకం. కోటు, చేతిలో రుమాలు, వెనకాల కీబోర్డు సంగీతం. ఈ మూడూ ఉన్న ప్రసంగీకులొకరు జగ్గయ్యపేటలో దొరికారు. మేం ఆయన్ని కోటు అయ్యగారు అనేవాళ్ళం (మే నెలలో కూడా విప్పేవారు కాదు పాపం). ఇరవై రెండేళ్ళకే చిల్లకల్లు దగ్గర మా ఊరి చర్చికి యూత్ లీడర్నయ్యాను గనక, నన్ను పెద్ద నాయకుణ్ణి చేసే బాధ్యత ఆయన మీద పెట్టాను. ఆయనకు ఆ సంగతి తెలియదు. రెండేళ్ళు ఆయన బ్యాగు మోస్తే "తమ్ముడూ" అన్నారే గానీ, ఒక్కసారైనా నా పేరడగలేదు.

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. మా ఊళ్ళోనే సైకిల్ తాత ఉండేవారు. రిటైరైన బడిపంతులు, సంఘపెద్ద. శనివారం వస్తే మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి సైకిలేసుకుని బయల్దేరేవారు. "నాతో రారా అబ్బాయ్, నలుగుర్ని చూసొద్దాం" అని ఎన్నిసార్లు పిలిచారో. "పేటలో మీటింగుంది తాతా" అనేవాణ్ణి. "నేనొస్తా తాతా" అంటూ పదో తరగతి చదివే మా చెల్లి వెనక క్యారేజీ ఎక్కేది.

ఓ శనివారం తాతకు జ్వరమొచ్చింది. తుంటి విరిగి పడుకున్న పై వీధి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి ప్రార్థన చేసి రమ్మని నాకు కబురు పెట్టారు. ఇక చూడండి నా వైభవం! అన్నయ్య పెళ్ళికోటు తగిలించుకుని, చెల్లిని తోడు తీసుకుని వెళ్ళాను. ఆ గదిలో ఇటు మూడడుగులు, అటు మూడడుగులు. కోటు అయ్యగారి బొంగురు గొంతు తెచ్చిపెట్టుకుని ముప్పావుగంట ప్రసంగం దంచాను. ఊపులో "ఈ సభలో ఎంతమంది నమ్ముతున్నారు? చేతులెత్తండి!" అని గర్జించాను. సభలో ఉన్నది పెద్దమ్మా, చెల్లీ, గడప దగ్గర మేకా.

పెద్దమ్మ చెయ్యెత్తింది. "నమ్ముతున్నా గానీ అయ్యా, నన్ను కాస్త పక్కకి తిప్పండి. పొద్దుట్నుంచీ ఇట్టాగే ఉన్నా, నడుం పట్టేసింది" అంది. చెల్లి లేచి, తలగడ సర్ది, మెల్లగా తిప్పింది. నేను? అదయ్యేదాకా ఆగి, "మూడో సంగతేమిటంటే" అని మళ్ళీ అందుకున్నాను.

తాతకు అంతా తెలిసింది. తిట్టలేదు. "గొంతు బాగుందంటగా! వచ్చే శనివారం రా, ఊరికే కూర్చోటం నేర్పుతా" అన్నారు. సిగ్గేసి వెళ్ళలేదు. ఆ వానాకాలంలోనే కూతురొచ్చి ఆయన్ని మైలవరం తీసుకుపోయింది. ఏడాది తిరక్కుండా అక్కడే పోయారు. చేతికందిన గురువును చేజేతులా పోగొట్టుకున్నాననే బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు నందిగామలో నేను కుర్రాళ్ళకి నాయకత్వం మీద క్లాసులు చెబుతున్నాను. మొదటి పాఠం, సరైన గురువును ఎంచుకోవడం (నవ్వకండి). మొన్న అమ్మకు ఆపరేషనై ఇంటికొచ్చింది. నేను బైబిలు తెరిచి పక్కన కూర్చోగానే, "తర్వాత చెబుదువుగానిలే నాన్నా, ముందు చెల్లికి ఫోన్ చెయ్యి" అంది. మనసు చివుక్కుమంది. అయినా చేశాను. ఊరి నుంచి చెల్లి వచ్చింది, అమ్మ ప్రాణం కుదుటపడింది.

తను తిరిగి వెళ్ళేటప్పుడు బస్టాండులో అడిగాను, తాత తర్వాత కూడా తను మానని ఆ శనివారపు పరామర్శలకు నన్నూ తీసుకెళ్తుందా అని. చెల్లి నన్ను ఎగాదిగా చూసింది.

"రా అన్నయ్యా. కానీ నువ్వు మాట్లాడకూడదు."

నలభై అయిదేళ్ళ నాయకుణ్ణి, బుద్ధిగా తలూపాను.